ఫ్రెంచ్‌లో సెలవు తీసుకోవడం: ఎవరితో, ఏ వేళ, ఏ మాట

ఫ్రెంచ్ నేర్పే ఏ పుస్తకమైనా మొదటి పాఠంలో 'ఓ రెవ్వార్' చెప్పి ఊరుకుంటుంది. దానితో పని జరగదా అంటే జరుగుతుంది. ఎవరితో అన్నా, ఎక్కడ అన్నా, ఏ వేళ అన్నా తప్పు పట్టేవాళ్లుండరు. కానీ ఆ ఒక్క మాట అని చక్కా వచ్చేస్తే ఫ్రెంచివాళ్లకు కాస్త ముభావంగా వెళ్లిపోయినట్టు అనిపిస్తుంది. వాళ్ల వీడ్కోలులో అసలు సరుకు దాని వెనక వచ్చే ముక్కలో ఉంది. 'మీ రోజు బాగా గడవాలి' అనో, 'సోమవారం కలుద్దాం' అనో ఏదో ఒకటి తగిలిస్తారు. మనం ఎంచుకోవలసింది ఆ ముక్కనే.

ఎంచుకోవడానికి మూడు సంగతులు చూసుకుంటే చాలు. అవతలి మనిషిని 'త్యూ' (నువ్వు) అంటున్నామా, 'వూ' (మీరు) అంటున్నామా? మళ్లీ కలిసేది ఎప్పుడు? ఇక్కడి నుంచి వాళ్లు పనికి పోతున్నారా, ఇంటికా, ప్రయాణానికా, పడకకా? మొదటిది తప్పితే మర్యాద దెబ్బతింటుంది. మిగతా రెండూ తప్పితే మహా అయితే నవ్వుతారు.

పలుకుబడి గురించి రెండు మాటలు. కింద అరసున్న (ఁ) ఉన్నచోట గాలి ముక్కులోంచి పోవాలి, చివర 'న్' గానీ 'మ్' గానీ వినపడకూడదు. 'ల్యూ', 'త్యూ', 'ప్ల్యూ' అని రాసినచోట నాలుకను 'ఈ' అనేటట్టు ఉంచి, పెదవులను 'ఊ' అనేటట్టు గుండ్రంగా చుట్టాలి. 'జూర్', 'జూర్నే'లలో ఉన్న జ మన 'జామ' జ కాదు, ఇంగ్లీషు 'ప్లెజర్' నడుమ వచ్చే మెత్తని శబ్దం.

కౌంటరు దగ్గర

రాతలో 'ఓ', 'రెవ్వార్' రెండు మాటలు. మాట్లాడేటప్పుడు నడుమ ఉన్న ఎకారాన్ని మింగేస్తారు కాబట్టి వినపడేది దాదాపు 'ఓర్వ్వార్'. స్పెల్లింగు చూసి 'ఓ రెవోయిర్' అనడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు.

బేకరీలో రొట్టె కొని బయటికి వచ్చేటప్పుడు జరిగేది ఇంతే:

– మెర్సీ, ఓ రెవ్వార్ మదామ్.
– ఓ రెవ్వార్ మెస్యొ, బొన్ జూర్నే!
– మెర్సీ, వూజోసీ!

ఐదు సెకన్ల వ్యవహారం. అయితే మూడో మాటను చాలామంది వదిలేస్తారు. అవతలివాళ్లు 'బొన్ జూర్నే' (రోజు బాగా గడవాలి) అన్నాక తల ఊపి వచ్చేస్తే వాళ్ల మాట గాలిలో ఉండిపోతుంది. 'మెర్సీ, వూజోసీ' (ధన్యవాదాలు, మీకు కూడా) అనండి, 'త్యూ' మనిషైతే 'త్వా ఓసీ' అనండి. ఎవరన్నది తేల్చుకోలేకపోతే 'పారెయ్‌మాఁ' (అలాగే మీకూ) అంటే రెండు వైపులా సరిపోతుంది. ఉత్త 'మెర్సీ' కూడా తప్పు కాదు, తీసుకున్నారు గానీ తిరిగి ఇవ్వలేదన్నమాట.

ఏమీ కొనకపోయినా ఇదంతా ఉంటుంది. చిన్న దుకాణంలోకి అడుగు పెట్టగానే 'బొఁజూర్', బయటికి వచ్చేటప్పుడు 'ఓ రెవ్వార్'. సూపర్ మార్కెట్లో అరల మధ్య తిరిగేటప్పుడు అవసరం లేదు, బిల్లు కౌంటరులో కూర్చున్న మనిషికి మాత్రం చెప్పాలి. డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములో కూర్చున్న ముక్కూముఖం తెలియనివాళ్లకు కూడా వెళ్లేటప్పుడు ఓ రెవ్వార్ అంటారు. చిన్న ఊళ్లలో బస్సు దిగేవాళ్లు వెనక తలుపు నుంచే డ్రైవరుకు 'మెర్సీ, ఓ రెవ్వార్' అని కేకేసి దిగుతారు. పారిస్ మెట్రోలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు, అక్కడ మొదలుపెట్టకండి.

'మదామ్', 'మెస్యొ' తగిలించడం మన 'అండీ' లాంటి పని చేస్తుంది. పెద్దవాళ్లకు, అధికారులకు, కొత్తవాళ్లకు తగిలించండి, స్నేహితులకు వద్దు, ఎగతాళిలా వినిపిస్తుంది. వయసులో చిన్న అమ్మాయిని 'మదుమ్వాజెల్' అనాలా అన్న అనుమానం పెట్టుకోనక్కర్లేదు. 2012లో ఫ్రెంచ్ ప్రభుత్వమే తన దరఖాస్తుల్లోంచి ఆ మాట తీసేసింది. పెళ్లయిందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ఎదిగిన ఆడమనిషి ఎవరైనా మదామే.

వేళ తప్పితే

మనకు 'గుడ్ నైట్' అలవాటు ఒకటుంది. సాయంత్రం ఏడింటికి ఆఫీసు నుంచి వెళుతూ గుడ్ నైట్, తొమ్మిదింటికి ఫోను పెట్టేస్తూ గుడ్ నైట్. దాన్ని అలాగే 'బొన్ న్వీ' అని దింపేస్తే మాత్రం పప్పులో కాలేసినట్టే. బొన్ న్వీ అంటే అవతలి మనిషి ఇప్పుడు పడుకోబోతున్నాడు. ఇంట్లో పిల్లలకు, ఒకే ఇంట్లో రాత్రి ఉండే అతిథికి, మంచం మీద నుంచి ఫోను చేసిన స్నేహితుడికి చెప్పే మాట అది. రాత్రి పదింటికి రెస్టారెంటు నుంచి లేస్తూ వెయిటరుతో బొన్ న్వీ అంటే పాపం అతనికి ఇంకా రెండు గంటల పని ఉంది. అక్కడ 'బొన్ స్వారే' (సాయంత్రం బాగా గడవాలి) అనాలి. బాగా పొద్దుపోతే 'బొన్ ఫాఁ ద్ స్వారే', మిగిలిన సాయంత్రం బాగా గడవాలని.

'బొన్ జూర్నే' ఉదయం నుంచి చెల్లుతుంది. మధ్యాహ్నం నుంచి నాలుగింటి వరకు 'బొన్ ఆప్రే మిదీ' కూడా అంటారు. నాలుగు దాటాక రోజు అయిపోవచ్చింది కాబట్టి 'బొన్ ఫాఁ ద్ జూర్నే', ఐదారు నుంచి బొన్ స్వారే. గడియారం పట్టుకుని చూసేవాళ్లెవరూ లేరు, అరగంట అటూ ఇటూ అయినా ఫరవాలేదు. పన్నెండున్నరకు భోజనానికి లేస్తున్న మనిషితో బొన్ జూర్నే బదులు 'బొన్ ఆపెతీ' అంటే ఇంకా బాగుంటుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. 'బొఁజూర్' వేరు, 'బొన్ జూర్నే' వేరు. మొదటిది కలిసినప్పటి పలకరింపు, రెండోది వెళ్లేటప్పటి మాట. 'బొఁస్వార్', 'బొన్ స్వారే' జంట కూడా అలాంటిదే, కాకపోతే సాయంత్రం వెళ్లేటప్పుడు కూడా బొఁస్వార్ అనేవాళ్లు కొందరున్నారు. మీరు మాత్రం బొన్ స్వారేకే కట్టుబడండి, తప్పే అవకాశం ఉండదు.

బొఁ, బొన్‌ల తేడా వ్యాకరణంలోది, వెనక వచ్చే మాట పుంలింగమా స్త్రీలింగమా అన్నదాన్ని బట్టి ఉంటుంది. జూర్నే, స్వారే, న్వీ, రూత్ (దారి) స్త్రీలింగాలు కాబట్టి బొన్. వీకెండ్, వ్వాయాజ్ (ప్రయాణం), కురాజ్, రెతూర్ (తిరుగు ప్రయాణం), దిమాఁష్ (ఆదివారం) పుంలింగాలు కాబట్టి బొఁ. ఆప్రే మిదీకి రెండు లింగాలూ చెల్లుతాయి. పైగా అచ్చుతో మొదలవుతుంది కనుక ఎలా రాసినా పలికేది బొన్ అనే. ఆపెతీ పుంలింగమైనా బొన్ అని వినిపించడానికి కారణం కూడా ఇదే.

మళ్లీ కలిసేది ఎప్పుడు

'ఆ' అనే చిన్న మాట పక్కన సమయాన్ని పెడితే వీడ్కోలు తయారవుతుంది. ఎప్పుడు కలుస్తారో నిజంగా తెలిసినప్పుడు ఇంతకంటే సులువైనది లేదు. 'ఆ ద్మాఁ' అంటే రేపు కలుద్దాం, 'ఆ స్ స్వార్' అంటే సాయంత్రం, 'ఆ లఁది' అంటే సోమవారం. ఆఫీసులో ఇవే ఎక్కువ వినిపిస్తాయి: 'బొన్ స్వారే, ఆ ద్మాఁ!' శుక్రవారమైతే 'బొఁ వీకెండ్, ఆ లఁది!'. 'త్యూ', 'వూ' తేడా వీటిలో లేదు కాబట్టి మేనేజరుకైనా పక్క సీటు మనిషికైనా ఒకటే. ఎలా పిలవాలో తెలియని చోట తలదాచుకోవడానికి ఇవి చాలా పనికొస్తాయి.

కచ్చితమైన సమయం లేని మాటలతోనే గందరగోళం. వ్యవధిని బట్టి వరసగా చూద్దాం.

'ఆ తూ ద్ స్వీత్': నిమిషాల్లో వచ్చేస్తా. బండి పార్క్ చేసి పైకి వస్తున్నానని ఫోనులో చెప్పేవాడు అనే మాట. మీటింగులో పది నిమిషాల విరామం ఇచ్చినప్పుడు కూడా ఇదే.

'ఆ తూతాలెర్': ఇవాళే, ఇంకొన్ని గంటల్లో. పొద్దున ఆఫీసులో కనిపించి మధ్యాహ్నం భోజనం దగ్గర కలుస్తామంటే ఇది. ఇందులోని 'తూతాలెర్'కు రెండు ముఖాలున్నాయి. విడిగా వాడితే సందర్భాన్ని బట్టి 'ఇందాక' కావచ్చు, 'కాసేపట్లో' కావచ్చు. ముందు 'ఆ' చేరితే మాత్రం ఎప్పుడూ రాబోయేదే. కుర్రకారు దీన్ని నరికి 'ఆ తూత్' అంటారు.

'ఆ ప్ల్యూ తార్': తర్వాత కలుద్దాం. సాధారణంగా అదే రోజు, ఎన్ని గంటలకన్నది తేలలేదు. దీని పొట్టి రూపం 'ఆ ప్ల్యూస్'. ఒక విచిత్రం గమనించండి: పూర్తి రూపంలో మధ్య మాట చివరి 'స్' పలకరు, పొట్టి రూపంలో తప్పకుండా పలకాలి. పొట్టి చేశాక అది అదే రోజుకు కట్టుబడి కూడా ఉండదు, స్నేహితుల మధ్య 'మళ్లీ కలుద్దాంలే' అన్నంత వదులుగా వాడతారు. మెసేజిల్లో దీన్ని ఏ అక్షరం, పక్కన కూడిక గుర్తు పెట్టి రాస్తారు.

'ఆ బ్యాఁతో': త్వరలో. రోజులు కావచ్చు, వారాలు కావచ్చు. పాఠాల్లో దీన్ని ఓ రెవ్వార్ పక్కనే నేర్పడం వల్ల ఎక్కడ పడితే అక్కడ వాడేస్తుంటారు. రేపు పొద్దున్నే కలవబోయే సహోద్యోగితో ఆ బ్యాఁతో అంటే, 'ఏం, సెలవు పెడుతున్నావా?' అని అడుగుతారు. ఉద్యోగం ఇంటర్వ్యూ అయ్యాక మీరే ముందుగా ఈ మాట అనకపోవడం మేలు, ఉద్యోగం వచ్చేసినట్టే మాట్లాడుతున్నారనిపిస్తుంది. వాళ్లు అంటే తిరిగి అనండి. లేదంటే 'మెర్సీ, ఓ రెవ్వార్, బొన్ జూర్నే' చాలు. అలవాటుగా వెళ్లే దుకాణంలో మాత్రం ఆ బ్యాఁతో హాయిగా అనవచ్చు, మళ్లీ వస్తామనేగా.

'ఆ లా ప్రొషెన్': ఈసారి కలిసినప్పుడు. తేదీ లేదు, చనువు ఉంది. 'ఆ అఁ ద్ సే జూర్', ఇంకా చనువుగా 'ఆ అఁ ద్ సే కాత్ర్' అంటే ఏదో ఒక రోజు ఎక్కడో అక్కడ. ఇలా అన్నవాళ్లు డైరీలో ఏమీ రాసుకోరు. 'ఒకసారి ఇంటికి రండి' అని మనం దారిలో కనిపించినవాళ్లతో అనే మాటకు ఎంత బరువుందో దీనికీ అంతే. తేదీ అడిగి ఇబ్బంది పెట్టకండి.

'ఓ ప్లెజీర్' అని ఇంకోటి వినపడుతుంది, మిమ్మల్ని మళ్లీ చూసే భాగ్యం కలగాలని. కాస్త పాతకాలపు మాట. వింటే నవ్వి ఓ రెవ్వార్ అనండి, మీరు వాడాల్సిన పని లేదు.

చనువున్నచోట

'సాల్యూ' కలిసినప్పుడూ అదే, విడిపోయినప్పుడూ అదే. చివర 'ట్' పలకరు, 'సాలుట్' అనే మాటే లేదు. త్యూ అనే ప్రతివాళ్లతోనూ చెల్లుతుంది, వూ అనేవాళ్లతో చెల్లదు. అనుమానం ఉంటే వాళ్లు మీతో ఏమంటున్నారో వినండి. మీ కంటే పెద్దవాళ్లు సాల్యూ అన్నంత మాత్రాన మీరు అదే అనాలని లేదు, 'ఓ రెవ్వార్, బొన్ జూర్నే' అనండి. చనువు ఇవ్వడం పెద్దవాళ్ల చేతిలో పని, అది అక్కడా ఇక్కడా ఒకటే.

'చావో' ఇటాలియన్ నుంచి వచ్చింది. ఇటలీలో కలిసినప్పుడూ విడిపోయినప్పుడూ పనికొచ్చినా ఫ్రాన్స్‌లో వెళ్లేటప్పుడే వాడతారు. తెలుగు చెవికి ఇదేం వీడ్కోలురా నాయనా అనిపించడం సహజమే గానీ, వాళ్లది సాల్యూ కంటే ఏమాత్రం ఎక్కువా తక్కువా కాని సరదా మాట. 'బాయ్' కూడా తిరుగుతూనే ఉంటుంది. ఈ మూడింటిలో ఏదో ఒకటి పట్టుకుంటే సరిపోతుంది, సాల్యూ అన్నిటికంటే నిలకడైనది.

'బిజూ' (ముద్దులు) అనేది ఫోను చివర, మెసేజి చివర ఇంట్లోవాళ్లు, దగ్గరి స్నేహితులు అనుకునే మాట. అమ్మతో మాట్లాడినట్టే అలవాటు కొద్దీ మేనేజరు ఫోను చివర కూడా బిజూ అనేయడం ఫ్రెంచివాళ్లకే జరిగే ప్రమాదం. మీకు ఎవరైనా రాస్తే తిరిగి రాయండి, మీ అంతట మీరు మొదలుపెట్టకండి.

లేచే ముందు

వీడ్కోలు మాట కంటే ముందు, వెళ్లబోతున్నామన్న సూచన ఉంటుంది. అది లేకుండా లేచి నిలబడి ఓ రెవ్వార్ అంటే ఏదో కోపం వచ్చిందనుకుంటారు. ఆ సూచన దాదాపు ఎప్పుడూ 'బొఁ' అనే ఒక్క శబ్దంతో మొదలవుతుంది, మనం 'సరే మరి' అన్నట్టు. 'బొఁ, జె వే యీ ఆలే' (సరే, ఇక బయల్దేరతా). భోజనానికి పిలిచిన ఇంట్లో అయితే ఇంకా మెల్లగా 'ఓఁ వా పా తార్దే' అంటారు, 'ఇక ఎక్కువ ఆలస్యం చెయ్యం' అని. దీని తర్వాత వెంటనే లేవరు, ఇంటివాళ్లు 'అప్పుడేనా? ఇంకో కాఫీ?' అంటారు. కాఫీ అయ్యాక కోట్లు తొడుక్కోవడం, గుమ్మం దగ్గర ఇంకో విడత కబుర్లు, 'మెర్సీ పూర్ తూ' (అన్నిటికీ ధన్యవాదాలు). ఇంటివాళ్లు 'రాఁత్రే బ్యాఁ' అంటారు, జాగ్రత్తగా ఇల్లు చేరమని.

'జె వూ లెస్' (మిమ్మల్ని వదిలేస్తున్నా) ఫోనులో బాగా పనికొస్తుంది. మీకే పని ఉన్నట్టు కాకుండా వాళ్ల సమయం తినకూడదన్నట్టు ఉంటుంది. 'ఆలే' అనేది ఆఖరి తోపు: 'ఆలే, సాల్యూ!', 'ఆలే, బొన్ స్వారే!'. వెళ్లమని కాదు, ఇక ముగిద్దామని. ఇది వినపడ్డాక కొత్త విషయం ఎత్తకండి.

'బీజ్', అంటే చెంపకు చెంప ఆనించి గాలిలో ముద్దు శబ్దం చేయడం. వచ్చేటప్పుడు చేసినవాళ్లతో వెళ్లేటప్పుడు కూడా చేస్తారు. ఎక్కువచోట్ల రెండు, మోంపెలియే వైపు మూడు, బ్రెస్త్ వైపు ఒకటి, నాలుగు పెట్టే చోట్లూ ఉన్నాయి. ఏ చెంప ముందన్నది కూడా ఊరిని బట్టి మారుతుంది కాబట్టి ఎదుటివాళ్లనే ముందు కదలనివ్వండి. ఇష్టం లేకపోతే చేతిని కాస్త ముందుగా, స్పష్టంగా చాపండి, ఎవరూ ఏమీ అనుకోరు. 2020 తర్వాత ఆఫీసుల్లో ఇది బాగా తగ్గింది కూడా. ఇరవై మంది ఉన్న పార్టీలో అందరి దగ్గరికీ వెళ్లడం పెద్ద పని, అప్పుడు తలుపు దగ్గర నిలబడి 'సాల్యూ తూ ల్ మోఁద్' (అందరికీ) అంటే చాలు. చెప్పకుండా జారుకోవడాన్ని మాత్రం ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్ల పద్ధతి అంటారు, ఇంగ్లీషువాళ్లేమో ఫ్రెంచివాళ్ల పద్ధతి అంటారు!

ఏం చేయబోతున్నారో చూసి

పని మిగిలి ఉన్నవాళ్లకు 'బొఁ కురాజ్' (ధైర్యంగా ఉండు, ఓపిక పట్టు). మీరు ఆరింటికి లేచి వెళుతుంటే పక్కవాడు ఇంకా కూర్చుని ఉంటే అతనికి ఇదే సరైన మాట. పరీక్షకు వెళ్లేవాళ్లకు కూడా 'బొన్ షాఁస్' (అదృష్టం) కంటే ఇది నయం, వాళ్ల కష్టాన్ని గుర్తించినట్టుంటుంది. స్నేహితులైతే పరీక్షకు, నాటకం వేదిక ఎక్కడానికి ముందు 'మెర్ద్' అంటారు. అది బూతుమాటే, ఇక్కడ శుభం కోసం అంటారు. దానికి మెర్సీ అని బదులిస్తే కీడని నమ్మకం, ఊరికే నవ్వి వెళ్లిపోవాలి.

బండి నడిపేవాళ్లకు 'బొన్ రూత్', దూరం వెళ్లేవాళ్లకు 'బొఁ వ్వాయాజ్', తిరిగి ఊరు చేరేవాళ్లకు 'బొఁ రెతూర్', జబ్బు పడినవాళ్లకు 'బొఁ రెతాబ్లిస్‌మాఁ'.

'బొన్ కొఁతిన్యుఆస్యొఁ'ను జాగ్రత్తగా వాడాలి. 'ఇకముందు కూడా అంతా బాగా సాగాలి' అని అర్థం, అంటే మనం మళ్లీ కలవకపోవచ్చన్నమాట. ఉద్యోగం మానేసి వెళుతున్న సహోద్యోగికి, రైల్లో పరిచయమైన మనిషికి చక్కగా సరిపోతుంది. రోజూ కనిపించేవాళ్లకు నప్పదు. కంపెనీ నుంచి వచ్చిన జవాబులో మీ ఉద్యోగ ప్రయత్నాలకు బొన్ కొఁతిన్యుఆస్యొఁ అని ఉంటే ఉద్యోగం రాలేదని తెలుసుకోండి. రెస్టారెంటులో భోజనం మధ్యలో వెయిటరు అంటే మాత్రం మిగతాది కూడా ఆస్వాదించండని, లేవమని కాదు.

'బొఁ వాఁ' (మంచి గాలి) ఒకప్పుడు ఓడ ఎక్కేవాళ్లకు చెప్పిన దీవెన. ఇప్పుడు మామూలు మాటల్లో 'పీడా పోయింది' అన్న ధ్వని వచ్చేసింది. డిక్షనరీలో అర్థం చూసి ముచ్చటపడి వాడకండి. 'బొఁ దెబారా' అయితే దాచుకోవడం కూడా లేదు, నేరుగా శని విరగడైందనడమే.

చావు ఇంట్లో మనం 'వెళ్లొస్తాం' అనం. ఫ్రెంచ్‌లో ఓ రెవ్వార్‌కు అలాంటి అడ్డు లేదు, అడ్డు ఉన్నది బొన్ జూర్నేకు. అక్కడ 'ఓ రెవ్వార్, బొఁ కురాజ్' అని గొంతు తగ్గించి చెప్పి రావాలి.

'ఆద్యో' విషయంలో సినిమాల వల్ల పొరపాటు జరుగుతుంటుంది. కాస్త కవితాత్మకంగా ఉంటుందని రోజూ వాడేస్తారు. దేవుడి చెంతకు అనే మాట నుంచి వచ్చింది, ఇక ఈ జన్మలో చూడమన్నంత బరువు ఉంది దానికి. తెగదెంపులు చేసుకునేవాళ్లు, పోయినవాళ్లను సాగనంపేవాళ్లు అంటారు. మినహాయింపు రెండు చోట్ల: దక్షిణ ఫ్రాన్స్‌లో కొన్ని ప్రాంతాలు, స్విట్జర్లాండ్‌లో ఫ్రెంచ్ మాట్లాడే వైపు. అక్కడ స్థానికులు చనువున్నవాళ్లను మామూలుగా ఆద్యో అని పలకరిస్తారు కూడా. విని కంగారు పడకండి, అలాగని నేర్చుకుని పారిస్‌లో వాడకండి.

దేశం మారితే

బెల్జియంలో 'ఆ తాఁతో' అంటే ఇవాళే మళ్లీ కలుద్దామని, ఆ తూతాలెర్‌కు బదులు. కెనడాలోని కెబెక్‌లో కూడా ఉంది. పశ్చిమ ఫ్రాన్స్ పల్లెల్లో తాఁతో అంటే మధ్యాహ్నం అని అర్థం కాబట్టి అక్కడ కాస్త చూసుకోవాలి.

కెబెక్‌లో వెళ్లేటప్పుడు కూడా బొఁజూర్ అనడం వినిపిస్తుంది. ఫ్రాన్స్ పుస్తకాలతో చదివి మోంత్రెయాల్‌లో దిగినవాళ్లు తికమకపడేది ఇక్కడే. 'బాయ్' అక్కడ మామూలు మాట. వీకెండ్ అనకుండా 'బొన్ ఫాఁ ద్ స్మెన్' అంటారు, వారం చివర బాగా గడవాలని.

తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న మారిషస్‌లో క్రియోల్ (ఫ్రెంచ్ నుంచి పుట్టిన స్థానిక భాష) మాట్లాడేవాళ్లు విడిపోయేటప్పుడు 'సలామ్' అంటారు, మతంతో పని లేదు. పక్కనే ఉన్న రేయూనియోఁ దీవిలో క్రియోల్ మాట 'నార్త్రూవ్', మళ్లీ కలుద్దామని. రెండుచోట్లా ఓ రెవ్వార్ కూడా చక్కగా నడుస్తుంది.

పరీక్షలోనూ, ఉత్తరంలోనూ

కెనడా కోసం టెఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష రాసేవాళ్లకు మాట్లాడే పరీక్షలో రెండు భాగాలుంటాయి. ఐదు నిమిషాల మొదటి భాగంలో ప్రకటన చూసి ఫోను చేసి వివరాలు అడగాలి, కొత్త మనిషి కాబట్టి వూ. పది నిమిషాల రెండో భాగంలో స్నేహితుణ్ని ఒప్పించాలి, త్యూ. వీడ్కోలు కూడా ఆ ప్రకారమే మారాలి. మొదటిదాన్ని 'మెర్సీ బొకూ పూర్ వో రాఁసెన్య్‌మాఁ, ఓ రెవ్వార్, బొన్ జూర్నే' (వివరాలకు ధన్యవాదాలు) అని, రెండోదాన్ని 'ఆలే, ఆ ప్ల్యూస్!' అనో 'ఆ సామ్‌దీ!' (శనివారం కలుద్దాం) అనో ముగించండి. తడబడి తారుమారు చేస్తే, అప్పటిదాకా నిలబెట్టుకున్న వూ, త్యూల పద్ధతి ఆఖరి వాక్యంలో చెడుతుంది.

ఈమెయిల్లో 'కోర్దియాల్‌మాఁ' మన ఓ రెవ్వార్ లాంటిది, ఎవరికైనా సరిపోతుంది. ఒకటి రెండు ఉత్తరాలు నడిచాక 'బ్యాఁ కోర్దియాల్‌మాఁ' అంటే కాస్త వెచ్చదనం. స్నేహితులకు 'ఆమికాల్‌మాఁ', ఇంకా దగ్గరైతే 'బీజ్'. తెలియని అధికారికి, ఇల్లు అద్దెకిచ్చే ఏజెన్సీకి, యూనివర్సిటీకి మొదటిసారి రాసేటప్పుడు ఇవేవీ కాకుండా నిండు వాక్యం రాయడం మంచిది: 'జె వూ ప్రీ దాగ్రేయే, మదామ్, మెస్యొ, మే సాల్యుతాస్యొఁ దిస్తాఁగే', నా గౌరవ వందనాలు స్వీకరించవలసిందిగా కోరుతున్నానని. డెల్ఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష బీ2 స్థాయిలో 250 మాటల అధికారిక ఉత్తరం అడిగితే ముగింపు ఇదే.

ఈ వాక్యంలో జారిపడే చోట్లు మూడు. 'మే సాల్యుతాస్యొఁ' బదులు 'లెక్స్‌ప్రెస్యొఁ ద్ మే సాల్యుతాస్యొఁ' (నా వందనాల వ్యక్తీకరణ) అని రాస్తే పట్టింపున్నవాళ్లు ఒప్పుకోరు, వ్యక్తం చేసేది భావాలను గానీ వందనాలను కాదంటారు. 'మీ జవాబు కోసం ఎదురుచూస్తూ' అని మొదలుపెడితే తర్వాత కర్త 'జె' (నేను) కావాలి, ఎదురుచూసేది మీరు కదా. 'వొయ్యే ఆగ్రేయే' (స్వీకరించండి) అని అతికిస్తే అవతలివాళ్లే ఎదురుచూస్తున్నట్టు అవుతుంది. చివరిది, ఉత్తరం మొదట ఏ సంబోధన పెట్టారో ముగింపులో అక్షరం పొల్లు పోకుండా అదే రావాలి. పైన 'మదామ్' అని ఒక్కరికే రాసి కింద 'మదామ్, మెస్యొ' అని ముగిస్తే, ఆ వాక్యం ఎక్కడి నుంచో ఎత్తి పెట్టారని చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.